ఏనుగుమాను

మాత్రలు రాస్తుందనుకున్నాను.
డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది:
బుధవారం, పదిన్నర, ఎక్లెసాల్ అడవి,
రంపపు మిల్లు పక్కన కార్ పార్క్.
భోజనానికి ముందా తర్వాతా అని అడగబోయి
నాలిక కరుచుకున్నాను.

పదకొండేళ్లుగా నా ఉద్యోగం వినడం.
అంబులెన్స్ కంట్రోల్ రూమ్, రాత్రి షిఫ్టు,
చెవికి హెడ్‌సెట్, అవతల ఎవరిదో
తెగిపోతున్న గొంతు.
ఊపిరి ఆడుతోందా? ఛాతీ లేస్తోందా? తలుపు గడియ తీసి ఉంచండి.
లైన్ కట్ అయ్యాక వాళ్లేమయ్యారో
నాకెవరూ చెప్పరు.
జనవరి నుంచి ఇంట్లో కుళాయి చుక్క పడినా
ఫోన్ మోగినట్టే ఉండేది.
కంచంలో అన్నం
సంతకం పెట్టాల్సిన ఫారంలా ఎదురు చూసేది.

ఆ రోజు ఐదుగురం.
పిల్లల్ని బడిలో దింపి నేరుగా వచ్చిన హోడన్,
ట్రామ్ నడిపి రిటైరైన ఆల్విన్, మోకాలికి పట్టీ,
హుడ్ దించని, పేరు చెప్పని ఒక కుర్రాడు.
ముందు నడిచేది గ్లెనిస్.
పదిహేనో ఏట నుంచి ఫ్యాక్టరీలో
చెంచాలకు మెరుగు పెట్టేదట.
ఇప్పుడు మాకా, అన్నాడు ఆల్విన్.
"మనుషులకి మెరుగు పట్టదు, బురదే పడుతుంది"
అని తన బూట్లు చూపించింది.

వాన లేదు. ఆకులు మాత్రం
నిన్నటి వానని ఇంకా కురుస్తున్నాయి.

ఒకచోట నేల గిన్నెలా లొత్తపడి ఉంది.
పూర్వం బొగ్గు కాల్చిన గుంటట.
నరికిన ప్రతిసారీ మోడు నుంచే
అడవి మళ్లీ లేచిందట.
ఇప్పుడు నీతి చెబుతుందేమోనని బెదిరాను.
చెప్పలేదు.
"జారుతుంది, చూసి దిగండి" అంది, అంతే.

దిగాక నిలబెట్టింది.
ఐదు నిమిషాలు కదలకండి,
విన్నవన్నీ లెక్కపెట్టండి.
వినమంటోంది. నన్ను.

ఒకటి, పైన ఆకులు.
రెండు, దూరంగా రోడ్డు.
మూడు, వడ్రంగిపిట్ట.
ఎవరో తలుపు బాదుతున్నారని గుండె ఝల్లుమంది.
తీయడానికి ఇక్కడ తలుపు లేదని
తెలియడానికి కొంచెంసేపు పట్టింది.
నాలుగు, ముళ్లకంపకి తగిలిన హోడన్ కొంగు.
ఐదు, ఆరు, పేరు తెలియని పిట్టలు,
ఒకటి ఏదో అడిగింది, ఇంకోటి విసుక్కుంది.
ఎవరికీ ఏమీ అవడం లేదు.
ఏ చప్పుడునీ అడ్రస్ అడగక్కర్లేదు.

గాలి తిరిగింది అప్పుడు.
పల్లం నిండా తెల్లపూల అడవివెల్లుల్లి.
ఆ ఘాటు,
ఇంగువ ఇంకా పడకముందు
మూకుట్లో రెబ్బలు చిటపటమనే క్షణం.
నా పొట్ట గుర్రుమంది,
ఆల్విన్ తలతిప్పి చూసేంత గట్టిగా.
"ఎన్ని?" అంది గ్లెనిస్.
ఏడు, అన్నాను.
ఏడోది ఏమిటో చెప్పలేదు.

తిరుగుదారిలో ఒక చెట్టు,
బూడిదరంగు, నున్నటి మాను,
మోకాలు వంగేచోట ముడతలు.
"బీచ్. మీ భాషలో ఏమంటారు?"
మా వైపు ఇది మొలవదని చెప్పొచ్చు.
నోటికొచ్చింది అనేశాను:
ఏనుగుమాను.
నిమిషం ముందు వరకూ
ఆ మాట తెలుగులో లేదు.
ఆమె జేబులోంచి చిన్న పుస్తకం తీసి
అక్షరం అక్షరం అడిగి రాసుకుంది.

ఆ రాత్రి హాయిగా నిద్రపోయానని చెప్పను.
మామూలుగానే మూడింటికి మెలకువ వచ్చింది.
లేచి చారు పెట్టుకున్నాను,
ఆరు రెబ్బలు చితక్కొట్టి.
పొయ్యి దగ్గర నిలబడి గిన్నెతోనే తాగాను.

మరుసటి బుధవారం ఇద్దరు కొత్తవాళ్లు.
గ్లెనిస్ ఆ చెట్టు మీద అరచెయ్యి ఆనించి
"తెలుగువాళ్లు దీన్ని యెనగూమానో అంటారు,
తరతరాలుగా" అంది.
తరతరాలుగా అన్నది నేను చెప్పిన మాట కాదు.
హుడ్ కుర్రాడు పెదాలతో పలికి చూసుకున్నాడు,
ఆమె కంటే నయంగా.
నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను.
నవ్వొచ్చింది.
వెళ్లి నేనూ చెయ్యి వేశాను.
చల్లగా ఉంది, కొంచెం తడిగా.